పాత కారుకు సొంతంగా పెయింట్: లోపాలు, కారణాలు, మరమ్మతులపై తరచుగా అడిగే ప్రశ్నలు

రేకు పని, వెల్డింగు, పుట్టీ అన్నీ ఓపికగా చేసుకొచ్చినవారిని కూడా చివర్లో పెయింట్ ఏడిపిస్తుంది. పైన కనిపించే లోపానికి కారణం చాలాసార్లు కింది పొరల్లో ఉంటుంది. అందుకే ఏం పూయాలన్నదానికన్నా, లోపం ఎక్కడ పుట్టిందన్నదానికే ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాం. ఇవన్నీ స్ప్రే గన్‌తో కొట్టే సాల్వెంట్ పెయింట్ల గురించి (సాల్వెంట్ అంటే పెయింట్‌ను పలచగా ఉంచి, ఆరేటప్పుడు ఆవిరైపోయే ద్రవం). మీ పెయింట్ కంపెనీ ఇచ్చే టెక్నికల్ షీటులోని అంకె, ఇక్కడి అంకెతో కలవకపోతే షీటునే పాటించండి.

కొడుతుండగానే ఏదో తేడా కనిపించింది. వెంటనే ఏం చెయ్యాలి?

గన్ పక్కన పెట్టండి. ఇంకో కోటు కొడితే కప్పేసుకుంటుందన్న ఆశ వల్ల పాడైన ప్యానెళ్ళే ఎక్కువ. తడి పెయింట్‌ను వేలితోనో గుడ్డతోనో సర్దబోతే గోరంత లోపం అరచేయంత అవుతుంది. ఆరనిస్తే తర్వాత రుద్ది సరిచేసుకోవచ్చు.

ఆ తర్వాత ఆలోచించాల్సింది, అది ఎప్పుడు బయటపడిందని. గన్ కొడుతున్న క్షణంలోనే కనిపిస్తే మురికి, నూనె, గన్ సెట్టింగ్, ఈ మూడింటిలో ఒకటి. పావుగంట నుంచి గంటలోపు వస్తే కొత్త పెయింట్‌లోని సాల్వెంట్ కింది పొరతో గొడవపడుతోంది. రోజులు, వారాల తర్వాత వస్తే లోపల చిక్కిన సాల్వెంట్ ఇప్పుడు బయటికి పోతూ పొరలను కుంగదీస్తోంది. నెలల తర్వాత వస్తే తేమ, తుప్పు, లేదా పట్టు లేకపోవడం. సగం రోగనిర్ధారణ ఇక్కడే అయిపోతుంది.

మిగతా సగం బ్లేడుతో. లోపం ఉన్నచోట అంచును మెల్లగా గీరి, అది ఏ పొర దాకా దిగిందో చూడండి. ఎలాగూ రుద్దాల్సిన చోటే కాబట్టి పోయేదేమీ లేదు.

కారు మీదున్న పాత పెయింట్ ఏ రకమో ఎలా తెలుస్తుంది?

ఎక్కువ మంది దాటేసే పరీక్ష ఇదే. తెల్ల గుడ్డను లక్కర్ థిన్నర్‌లో తడిపి, డిక్కీ లోపలివైపు లాంటి మరుగు చోట కాసేపు ఒత్తి ఉంచి, తర్వాత రుద్దండి. రంగు గుడ్డకు అంటుకుని పెయింట్ కరుగుతుంటే అది లక్కర్. కరగకుండా ఉబ్బి ముడతపడితే ఎనామెల్. ఏమీ కాకపోతే హార్డెనర్ (గట్టిపరిచే రెండో ద్రవం) కలిపి కొట్టిన టూకే పెయింట్, లేదా ఫ్యాక్టరీలో కొలిమి వేడికి గట్టిపడిన ఎనామెల్.

బండి వయసు కొంత సూచన ఇస్తుంది. డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ లక్కర్‌ను 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకు వాడడంతో, అంతకుముందు వారాలు పట్టే పెయింట్ పని గంటల్లోకి వచ్చింది. 1930ల్లో ఆల్కిడ్ ఎనామెల్స్ వచ్చాయి, 1950ల చివర్లో జనరల్ మోటార్స్ ఆక్రిలిక్ లక్కర్‌కు మారింది. అయితే 50 ఏళ్ళు దాటిన బండి మీద ఫ్యాక్టరీ పెయింట్ ఒక్కటే ఉందనుకోవడం అమాయకత్వం. తలుపు మీద ఒకటి, బానెట్ మీద ఇంకొకటి ఉండొచ్చు, కాబట్టి ప్రతి ప్యానెల్‌నూ విడిగా పరీక్షించండి.

కొత్త పెయింట్ పడగానే కింది పొర ముడతలు పడి లేచిపోయింది. ఎందుకు?

కొత్త సాల్వెంట్ పాత పొరలోకి దిగి దాన్ని ఉబ్బించింది. ఉబ్బిన పొరకు వెళ్ళే చోటు లేక పైకి లేచి ముడతపడింది. ఎనామెల్ మీద లక్కర్ కొడితే దాదాపు ఖాయంగా ఇలాగే అవుతుంది. లక్కర్ మీద ఎనామెల్ మామూలుగా నిలుస్తుంది. తరాలుగా పెయింటర్లు పాటించే ఈ నియమాన్ని ఇప్పటి పెయింట్లు కూడా మార్చలేదు.

ఎనామెల్‌లో ఇంకో చిక్కుంది. కొట్టిన కొద్ది గంటల్లోపు రెండో కోటు వేయొచ్చు, పూర్తిగా గట్టిపడ్డాక కూడా వేయొచ్చు. ఆ రెంటికీ మధ్య, పైన ఆరి లోపల మెత్తగా ఉన్న రోజుల్లో వేస్తే తన మీద తానే ముడత పడుతుంది. నిన్న కొట్టి, ఇవాళ తీరిక దొరికిందని మళ్ళీ కొట్టేవారు దీని బారిన పడతారు. మీ తీరికకన్నా డబ్బా మీద రాసిన గడువు ముఖ్యం.

మరమ్మతు: ముడతపడినదంతా గట్టిపడేదాకా ఆగి, గట్టి పొర తగిలేదాకా రుద్దేయండి. చుట్టూ అంచులను పలచగా దించి, ఎపాక్సీ ప్రైమర్‌ను (రంగు కింద వేసే, తేమను అడ్డే గట్టి పొర) పలుచని కోట్లుగా కొట్టి, ఒక్కొక్కటీ బాగా ఆరనివ్వండి. ముడతలు ప్యానెల్‌లో సగానికి మించి ఉంటే రేకు దాకా తీసెయ్యడమే తక్కువ శ్రమ. ముడత మీద పుట్టీ పెట్టి సమం చేయాలన్న ఆలోచన మాత్రం వద్దు. కింద ఊగుతున్న పొర పుట్టీతో సహా ఊడుతుంది.

పెయింట్ పడినచోట చిన్న చిన్న గుండ్రటి గుంటలుగా విడిపోతోంది. ఇవేమిటి?

ఫిష్ ఐ. సిలికాన్, మైనం, నూనె ఉన్నచోట తడి పెయింట్ పరుచుకోకుండా పక్కకు జరుగుతుంది. గుంట మధ్యలో కింది రంగు కనిపిస్తుంది.

సిలికాన్ ఎక్కడినుంచి వస్తుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. టైర్లకు మెరుపునిచ్చే ద్రవం, డాష్‌బోర్డు పాలిష్, తుప్పు వదిలించే స్ప్రేలు, కొన్ని హ్యాండ్ క్రీములు. షెడ్డులో ఒక మూల కొట్టిన స్ప్రే గాలిలో తేలి వచ్చి ప్యానెల్ మీద దిగుతుంది. పెయింట్ పని నడిచినన్నాళ్ళూ వీటిని ఆ గదిలోకి రానివ్వకండి.

రెండో మూలం కంప్రెసర్. దానినుంచి వచ్చే గాలిలో నూనె తుంపర, నీరు రెండూ ఉంటాయి. శుభ్రమైన అద్దం మీదకు కాసేపు గాలి ఊది చూడండి. మసక మరక పడితే దోషం దొరికినట్టే. నీటిని పట్టే ఫిల్టర్‌ను కంప్రెసర్‌కు ఆనించి పెట్టేవారున్నారు. అక్కడ గాలి వేడిగా ఉండి నీరు ఆవిరి రూపంలోనే దాటిపోతుంది. కొంత పొడవు పైపు తిరిగి చల్లబడ్డాక, గన్‌కు దగ్గరగా పెడితేనే పనిచేస్తుంది.

మూడోది శుభ్రం చేసే వరుస. రుద్దాక కడిగితే మైనం అప్పటికే గీతల్లో దిగిపోయి ఉంటుంది. ముందు సబ్బునీళ్ళు, తర్వాత గ్రీజు తీసే ద్రవం, ఆ తర్వాతే సాండ్ పేపర్, చివర్లో మళ్ళీ గ్రీజు తీసే ద్రవం. దీనికి రెండు గుడ్డలు కావాలి. ఒకదానితో తడిపి, ఆరిపోకముందే రెండోదానితో తుడిచెయ్యాలి. తడిపి ఆరనిస్తే కరిగిన మైనం ఉన్నచోటే మళ్ళీ పేరుకుంటుంది.

నాలుగైదు గుంటలే ఉంటే కోటు తడి తగ్గేదాకా ఆగి, దూరంనుంచి పొడిపొడిగా పలుచని కోట్లు వేస్తే పూడొచ్చు. ప్యానెల్ నిండా ఉంటే గట్టిపడనిచ్చి, గుంటల అడుగు దాకా రుద్ది, కడిగి మళ్ళీ మొదలుపెట్టాలి. పెయింట్‌లో కలిపే ఫిష్ ఐ మందు చివరి ఆశ్రయం. అందులో ఉండేదీ సిలికానే కనుక, ఆ తర్వాత వేసే ప్రతి కోటులోనూ కలపాల్సి వస్తుంది. గన్ కూడా కలుషితమవుతుంది.

పెయింట్ నారింజ తొక్కలా గరుకుగా వచ్చింది. గన్ మార్చాలా?

చాలావరకు అక్కర్లేదు. తుంపర లావుగా పడినా, పరుచుకునేలోపే ఆరిపోయినా ఇలా వస్తుంది. పెయింట్ చిక్కగా ఉండడం, గాలి ఒత్తిడి తక్కువవడం, గన్ దూరంగా పట్టడం, ఎండ వేడికి ఫాస్ట్ (త్వరగా ఆరే) థిన్నర్ వాడడం, వీటిలో ఒకటో రెండో కారణం. గన్ 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, ప్యానెల్‌కు లంబంగా ఉండాలి. మణికట్టు తిప్పుతూ విసనకర్రలా ఊపితే మధ్యలో తడిగా, చివర్లలో పొడిగా పడుతుంది. బేస్ (రంగు పొర), క్లియర్ (దానిపై వేసే రంగులేని మెరుపు పొర) కోట్లకు 1.3 లేదా 1.4 మిల్లీమీటర్ల నాజిల్, పుట్టీ గీతలు నింపే చిక్కటి ప్రైమర్‌కు 1.7 లేదా ఆపైన నప్పుతుంది.

చిన్న కంప్రెసర్‌తో హెచ్‌వీఎల్‌పీ గన్ (ఎక్కువ గాలి, తక్కువ ఒత్తిడితో పనిచేసేది) వాడుతుంటే ట్రిగ్గర్ నొక్కి ఉంచి గేజ్ చూడండి. కొట్టేకొద్దీ ఒత్తిడి పడిపోతుంటే మీ చేతి తప్పేమీ లేదు, గాలి చాలడం లేదు.

వచ్చిన గరుకును గట్టిపడ్డాక 1500, 2000 నంబరు వాటర్ పేపర్లతో సమం చేసి, కాంపౌండ్‌తో (రుద్ది మెరుపు తెచ్చే ముద్ద) మెరుగు పెట్టవచ్చు. ఇది క్లియర్ కోటుకూ, మెటాలిక్ కాని ఒకే పొర రంగులకూ చెల్లుతుంది. అంచుల మీద, మడతల మీద పెయింట్ పలచగా ఉంటుంది, అక్కడ టేప్ అతికించి రుద్దండి.

కారిపోయిన చోట ఏం చెయ్యాలి?

గట్టిపడేదాకా ఆగండి. కారిన చోట పొర మందం కాబట్టి చుట్టుపక్కల ఆరినా అది మెత్తగానే ఉంటుంది. తొందరపడి రుద్దితే ముద్దలా ఊడి గుంట పడుతుంది. గోరు నొక్కితే గుర్తు పడనప్పుడు, చుట్టూ టేప్ వేసి, బ్లేడుతో ఎత్తు తగ్గించి, గట్టి దిమ్మకు చుట్టిన 1000 నంబరు పేపర్‌తో మొదలుపెట్టండి. వేళ్ళతో నొక్కి రుద్దకూడదు. గన్ మరీ దగ్గరగా పట్టడం, మెల్లగా కదపడం, చల్లటి రేకు, థిన్నర్ ఎక్కువవడం దీనికి మామూలు కారణాలు.

సూదిపోటంత రంధ్రాలు వచ్చాయి. ఇవి పెయింట్‌వా, పుట్టీవా?

రెండూ చూపుకు ఒకేలా ఉంటాయి, మరమ్మతు మాత్రం వేరు. ముందు ఎక్కడ వచ్చాయో గమనించండి. పుట్టీ పెట్టినచోటే గుంపుగా ఉంటే అవి పుట్టీలో చిక్కిన గాలి బుడగలు. బానెట్, టాప్ లాంటి పడుకున్న ప్యానెళ్ళ మీద, పెయింట్ మందంగా పడినచోట సమంగా చెదిరి ఉంటే అది సాల్వెంట్ పాప్. అంటే పైపొర ముందే మూసుకుపోయింది, లోపలి సాల్వెంట్ దాన్ని పొడుచుకుని బయటికి వచ్చింది.

సాల్వెంట్ పాప్ ఆత్రం జబ్బు. కోటుకూ కోటుకూ మధ్య వదలాల్సిన పది, పదిహేను నిమిషాలు వదలకపోవడం, ఎండలో ఫాస్ట్ థిన్నర్, తడి మీదకు హీటర్ తిప్పడం వల్ల వస్తుంది. పైపైన పాలిష్ చేస్తే రంధ్రాల్లో తెల్ల కాంపౌండ్ నిండి ఇంకా బాగా కనిపిస్తాయి. రంధ్రాల అడుగు దాకా రుద్ది మళ్ళీ కొట్టక తప్పదు.

పుట్టీ రంధ్రాలను ప్రైమర్ నింపదు. పైన పలచని వంతెన కడుతుంది, అది కొన్నాళ్ళకు కూలుతుంది. పుట్టీ దాకా రుద్ది, పలుచటి ఫినిషింగ్ పుట్టీని గట్టిగా ఒత్తి లాగండి. ఈసారి కలిపేటప్పుడు గిలకొట్టకండి, పలక మీద పరిచి మడతపెడుతూ నొక్కి కలపండి.

ఆరాక తెల్లటి పొగమంచులా మసక కమ్మింది?

లక్కర్‌లో, తేమ ఎక్కువున్న రోజుల్లో వస్తుంది. సాల్వెంట్ వేగంగా ఆవిరవుతూ రేకును చల్లబరుస్తుంది, గాలిలోని తేమ తడి పెయింట్ మీద దిగుతుంది. పలచగా పట్టిన మసక మీద నెమ్మదిగా ఆరే థిన్నర్, లేదా రిటార్డర్ (ఆరడాన్ని ఆలస్యం చేసే ద్రవం) కలిపిన పలుచని కోటు కొడితే తరచుగా పోతుంది. రేకు ఉష్ణోగ్రత మంచుబిందు స్థాయికన్నా (గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) కనీసం 3 డిగ్రీలు పైన ఉంటేనే గన్ పట్టుకోండి. జోరువాన రోజున లక్కర్ జోలికి పోకపోవడమే మేలు.

కొట్టిన రోజు అద్దంలా ఉంది. నెల తిరిగేసరికి రుద్దిన గీతలు, పుట్టీ అంచులు తేలాయి. ఎందుకు?

ప్రైమర్ ఆరిందని మీరు అనుకున్నారు, అది ఇంకా ఆరుతోంది. లోపలున్న సాల్వెంట్ పోయేకొద్దీ పొర కుంగి, కింది గీతల ఆకారం తీసుకుంటుంది. చలి రోజుల్లో ఇది మరీ ఎక్కువ. టూకే పెయింట్లలో ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే గట్టిపడే సమయం సుమారు రెట్టింపవుతుందని లెక్క వేసుకోండి. డబ్బా మీది గంటలు 20 డిగ్రీల దగ్గరవి.

పేపర్ నంబర్లలో గంతులు కూడా కారణమే. 80తో పుట్టీని ఆకారంలోకి తెచ్చి నేరుగా ప్రైమర్ కొడితే ఆ గీతలు తర్వాత పలకరిస్తాయి. 80 తర్వాత 180, ఆపై 320, అప్పుడు ప్రైమర్. దాన్ని 400తో, రంగుకు ముందు 600తో రుద్దాలి. మెటాలిక్ అయితే ఇంకా నున్నగా. ప్రతి దశలోనూ గైడ్ కోటు వేయండి. ముదురు రంగును దూరంనుంచి చిలకరించి రుద్దితే, రంగు మిగిలినచోటల్లా గీతో పల్లమో ఉన్నట్టే.

మెరుపు మాత్రమే తగ్గి గీతలు లేకపోతే, ఇంకో నెల ఆగి 2000 పేపర్, కాంపౌండ్‌తో సరిపోవచ్చు.

తెలుపు కొడితే గులాబీ రంగు తేలింది. ఇంకోచోట పసుపు మరక.

గులాబీ రంగు కింది ఎరుపుది. కొన్ని పాత ఎరుపు, మెరూన్ రంగుల వర్ణకాలు కొత్త సాల్వెంట్‌లో కరిగి పైకి ఎక్కుతాయి. ఎన్ని కోట్లు వేసినా ఎక్కుతూనే ఉంటాయి. ఎపాక్సీతో మూసెయ్యాలి, లేదా పాత ఎరుపును తీసెయ్యాలి. పసుపు, గోధుమ మరకలు పుట్టీ ఆకారంలో ఉంటే హార్డెనర్ ఎక్కువైంది. బరువులో సుమారు 2 శాతం చాలు. ఎక్కువైన హార్డెనర్‌లో మిగిలిపోయిన పెరాక్సైడ్ రంగును పాడుచేస్తుంది. త్వరగా గట్టిపడాలని ఎర్ర ట్యూబు అదనంగా పిండడం వల్ల వచ్చేది ఇదే. ఆ పుట్టీని తీసి మళ్ళీ పెట్టడమే మార్గం.

మెటాలిక్ రంగులో చారలు, మచ్చలు వస్తున్నాయి?

అల్యూమినియం రేణువులు తడి ఎక్కువైనచోట మునిగి ముదురుగా, పొడిగా పడినచోట పైకి తేలి లేతగా కనిపిస్తాయి. ఒక్కో వరస ముందుదాన్ని సగం పైగా కప్పాలి. చివర్లో గన్‌ను 25, 30 సెంటీమీటర్ల దూరానికి జరిపి, ఒత్తిడి తగ్గించి, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి పలచగా చిలకరిస్తే రేణువులు సర్దుకుంటాయి. క్లియర్ కోటు పడ్డాక చారలు తీయలేం. కాబట్టి దానికి ముందే లైటును పక్కనుంచి వేసి చూసుకోండి.

పెయింట్ కోడ్ ప్రకారమే కలిపించాను, అయినా పక్క ప్యానెల్‌తో కలవడం లేదు.

కోడ్ చెప్పేది బండి పుట్టిననాటి రంగు. పక్క తలుపు దశాబ్దాల ఎండ తిని ఉంది. పైగా సీసం ఉన్న కొన్ని పాత వర్ణకాల బదులు ఇప్పుడు వేరేవి వాడుతున్నారు. ముందు పాత పెయింట్‌ను కాంపౌండ్‌తో మెరుగు పెట్టి అసలు రంగు బయటికి తీయండి. తర్వాత అదే ప్రైమర్ వేసిన చిన్న రేకు మీద, అన్నే కోట్లతో నమూనా కొట్టి, పగటి వెలుగులో పక్కన పెట్టి చూడండి. దగ్గరగా ఉంటే చాలు. రంగును పక్క ప్యానెల్‌లోకి కొద్దికొద్దిగా పలచబరుస్తూ కలిపేస్తే కన్ను తేడా పట్టదు. అచ్చంగా కలిసే రంగు కోసం నెలలు తిరగడం వృథా.

ఆరు నెలల తర్వాత బొబ్బలు వచ్చాయి.

ఒక బొబ్బను సూదితో పొడవండి. నీరు వస్తే, కింద తేమో చెమట ఉప్పో చిక్కుకుంది. గోధుమరంగు పొడి వస్తే తుప్పు. పొడిగా, ఖాళీగా ఉంటే సాల్వెంట్, లేదా పట్టు లేని పొర.

నీటి బొబ్బలకు పెద్ద కారణం మామూలు ప్రైమర్ మీద పెట్టుకున్న నమ్మకం. గీతలు నింపే ప్రైమర్, పాలిస్టర్ పుట్టీ రెండూ తేమను పీలుస్తాయి. ప్రైమర్‌తో బండిని వానలో నిలబెట్టడం, పుట్టీని నీళ్ళతో రుద్దడం, రుద్ది పూర్తిగా ఆరకముందే రంగు కొట్టడం, వీటి ఫలితం ఆరు నెలలకు కనిపిస్తుంది. పనిని మధ్యలో ఆపాల్సివస్తే బండి ఎపాక్సీ ప్రైమర్‌లో ఉండాలి. పుట్టీని పొడిగానే రుద్దండి. కడిగిన రేకును వట్టి చేత్తో తాకకండి.

తుప్పు బొబ్బ అయితే వెనుకవైపు చూడండి. తలుపు అడుగు, చక్రం పైనున్న వంపు, రెండు రేకులు కలిసే అతుకు, ఇక్కడ తుప్పు లోపలినుంచే బయటికి తింటుంది. బయట ఎంత రుద్దినా తిరిగి వస్తుంది. కోసి కొత్త రేకు వేయాలి. ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు వాడితే, అది చెప్పిన విధంగా కడిగి ఆరబెట్టాకే ఎపాక్సీ వేయండి. మిగిలిన ఆమ్లం మీద ఎపాక్సీ నిలవదు. యాసిడ్ ఎచ్ ప్రైమర్ (ఆమ్లంతో రేకును పట్టుకునే ప్రైమర్) మీద పుట్టీ పెట్టడం కూడా ఇలాంటి తప్పే.

టేప్ పీకితే పెయింట్ కూడా ఊడివచ్చింది.

ఊడిన పెచ్చును తిప్పి చూడండి. వెనుక ప్రైమర్ అంటి ఉంటే ప్రైమర్ రేకును పట్టుకోలేదు. రేకు నున్నగా ఉండిపోయింది, లేదా జిడ్డుగా ఉంది. వెనుక రంగు మాత్రమే ఉంటే ప్రైమర్‌ను రుద్దలేదు, లేదా దానికిచ్చిన గడువు దాటాక కొట్టారు. క్లియర్ ఒక్కటే ఊడితే బేస్ ఎక్కువ రోజులు ఖాళీగా ఉంది. ఎన్నో పెయింట్లలో ఆ గడువు 24 గంటలే. అల్యూమినియం ప్యానెల్ అయితే రుద్దిన వెంటనే ఆక్సైడ్ పొర పట్టడం మొదలవుతుంది, కాబట్టి అదేరోజు ప్రైమర్ వేయాలి. ఊడే పొర మొత్తం పోవాల్సిందే, ఊడిన మచ్చను మాత్రం నింపి లాభం లేదు.

టూకే పెయింట్‌కు మామూలు మాస్క్ సరిపోదా?

సరిపోదు. హార్డెనర్‌లోని ఐసోసైనేట్లు ఉబ్బసం తెప్పిస్తాయి. ఒకసారి అవి ఒంటికి సరిపడకుండా పోతే తర్వాత అతి తక్కువ మోతాదుకే ఊపిరి అందకపోవచ్చు. వాసన తెలిసేసరికే హద్దు దాటి ఉంటుంది, అందుకే వాసన రావడం లేదు కదా అని కార్బన్ ఫిల్టర్ మాస్క్‌ను నమ్మలేం. బయటినుంచి శుభ్రమైన గాలి అందించే మాస్క్, చేతి తొడుగులు, ఒళ్ళంతా కప్పే సూట్ కావాలి. అవి లేకపోతే ఆ ఒక్క పనిని పెయింట్ బూత్ ఉన్నవారికి అప్పగించండి. టూకే స్ప్రే డబ్బాలకూ ఇదే వర్తిస్తుంది. పాత పెయింట్‌లో, అతుకుల దగ్గర నింపిన లోహంలో సీసం ఉండొచ్చు, దాన్ని పొడిగా మిషన్‌తో రుద్దకండి.

దుమ్ము పడింది.

నేల తడపండి, నూలు పీచు రాలని బట్టలు వేసుకోండి, ట్యాక్ క్లాత్‌తో (దుమ్మును అంటించుకునే జిగురు గుడ్డ) తేలికగా తుడవండి. పడినదాన్ని గట్టిపడ్డాక 2000 పేపర్‌తో తీసేయొచ్చు.

రేకు దాకా మొత్తం తీసెయ్యాలని ఎప్పుడు నిర్ణయించుకోవాలి?

పాత లక్కర్ చిట్లి సన్నని నెర్రెలు కనిపిస్తే, ఎందుకంటే ఆ నెర్రెలు ఏ ప్రైమర్‌నైనా దాటి వస్తాయి. మందం కొలిచే మీటర్ మూడు నాలుగు వందల మైక్రాన్లు దాటి చూపితే. థిన్నర్ పరీక్షలో ఒకే ప్యానెల్ మీద రెండు రకాల పెయింట్ దొరికితే. అలా కాకుండా పాత పొర గట్టిగా, నెర్రెలు లేకుండా ఉంటే దాన్ని ఉంచండి. ఫ్యాక్టరీ వేసిన పట్టును ఇంటి షెడ్డులో సాధించడం కష్టం.

కొత్త పెయింట్‌కు మైనం ఎప్పుడు పెట్టవచ్చు?

టూకే అయినా నెల రోజులు ఆగండి. గాలికి ఆరే ఎనామెల్‌కు, లక్కర్‌కు రెండు మూడు నెలలు. ఈలోపు చల్లటి నీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు. పక్షి రెట్ట పడితే మాత్రం ఆ పూటే కడిగెయ్యండి.